బోరు మోటరుకు రాగి వైరా, అల్యూమినియం వైరా: ఏది మేలు?

యాసంగి నాట్లు మొదలైతే వరంగల్, జనగామ, కరీంనగర్ దిక్కున వైండింగ్ షాపుల ముందు కాలిన మోటర్లు వరుసకడతాయి. కాయిల్ కాలిందంటే నెపం మోటరు కంపెనీ మీదకో, లో వోల్టేజీ మీదకో పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్టార్టర్ దాకా వేసిన సర్వీసు వైరు ఎంత లావుదని అడిగేవాళ్లు తక్కువ. మొదట అడగాల్సింది అదే.

ఏ తీగైనా కరెంటుకు కొంత అడ్డు పడుతుంది. పొడవు పెరిగితే అడ్డు పెరుగుతుంది, లావు పెరిగితే తగ్గుతుంది. పొడవూ లావూ సమానమైతే అల్యూమినియం అడ్డు రాగి కంటే సుమారు 1.6 రెట్లు. అందుకే అల్యూమినియం ఒక సైజు పెద్దది తీసుకుంటే లెక్క సరిపోతుంది: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగికి 4 అల్యూమినియం, 4 రాగికి 6 అల్యూమినియం.

ఇప్పుడు 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటరును తీసుకుందాం. నిండు లోడు మీద దాదాపు 7.5 ఆంపియర్లు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు 300 మీటర్ల దూరంలో బోరు ఉండి, 2.5 రాగి వైరు వేస్తే, దారిలోనే సుమారు 25 వోల్టులు పడిపోతాయి. 370 వాట్ల దాకా వైరును వేడి చేయడానికే పోతాయి. 6 అల్యూమినియం వేస్తే వోల్టేజీ నష్టం 15కు దిగుతుంది. 10 అల్యూమినియం అయితే పదే. అంటే సన్నటి రాగి కంటే లావు అల్యూమినియమే నయం.

వోల్టేజీ తగ్గితే మోటరు నెమ్మదిస్తుందంతే అనుకునేవాళ్లున్నారు. పాత తరహా బల్బు అయితే మసకబారి ఊరుకుంటుంది. మోటరు అలా కాదు. ఎత్తాల్సిన నీళ్ల భారం దాదాపు అంతే ఉంటుంది కాబట్టి తక్కువైన వోల్టేజీకి బదులు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు 10 శాతం పెరిగితే కాయిల్‌లో వేడి 21 శాతం పెరుగుతుంది. పైగా స్టార్టయ్యే క్షణంలో అయిదారు రెట్ల కరెంటు కావాలి. సన్న వైరు మీద అప్పుడే స్టార్టర్ టకటక కొట్టుకుంటుంది.

ఖర్చు సంగతి చూస్తే, 300 మీటర్లకు మూడు ఫేజులకు 4 రాగి వేస్తే లోహమే 32 కిలోలు. దానికి సమానమైన 6 అల్యూమినియం 15 కిలోలు కూడా ఉండదు. కిలో ధర కూడా రాగిదే కొన్ని రెట్లు ఎక్కువ. దొంగల భయం సరేసరి. రామగుండం నుంచి బయలుదేరే పెద్ద లైన్లు కూడా అల్యూమినియం తీగలే, బలానికి మధ్యలో ఉక్కు ఉంటుంది.

అల్యూమినియం అసలు బలహీనత జాయింట్ల దగ్గర. గాలి తగలగానే దాని మీద పలుచని పొర కడుతుంది, అది కరెంటును పోనివ్వదు. మెత్తని లోహం కాబట్టి స్క్రూ కింద నలిగి కొన్నాళ్లకు వదులవుతుంది. రాగితో నేరుగా మెలిపెట్టి టేపు చుడితే తడికి తినేస్తుంది. ఆ ఒక్క ఫేజు తెగితే మోటరు రెండు ఫేజుల మీద గుర్రుమంటూ కాలిపోతుంది. కాబట్టి స్టార్టర్ దగ్గర రాగి, అల్యూమినియం కలిసేచోట బైమెటల్ లగ్గులే (ఒకవైపు రాగి, మరోవైపు అల్యూమినియం ఉండే కొసముక్కలు) వాడాలి, ప్రతి పంటకు ముందు సప్లయ్ పూర్తిగా ఆపించి స్క్రూలు బిగించాలి. మధ్యలో అతుకుల్లేని ఒకే తీగ కొనడం ఇంకా మంచిది.

బోరు లోపలికి దిగే ఫ్లాట్ కేబుల్, ఇంటి వైరింగ్ మాత్రం రాగే ఉండాలి. అక్కడ జాగా తక్కువ, వంపులు ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే, యాభై మీటర్ల లోపు బోరున్నవాళ్లు కూడా 2.5 రాగి వేసుకుంటే చాలు, తేడా నాలుగైదు వోల్టులే. దూరం పోయేవాళ్లు లావు అల్యూమినియం తీసుకోండి. రాగిలో మిగిలిన డబ్బుతో మంచి లగ్గులు, ఒక ఫేజు పోగానే మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కొనండి.