వంశధార మొగలో తొమ్మిదేళ్లు: గాలం, పీతవల, నా అనుభవం

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగలో నేను తొమ్మిదేళ్లుగా గాలం వేస్తున్నాను. మొదట్లో ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లేవాణ్ని, ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలైనా అక్కడే ఉంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ రాడ్ కొనాలి అని. ముందు తిథులు వేసిన క్యాలెండర్ గోడకు తగిలించుకోమని చెబుతాను. ఈ తీరంలో చేప పడడం, పడకపోవడం సగానికి సగం నీటి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ నీటి లెక్క తిథిలో ఉంది.

అమావాస్య, పున్నమి రోజుల్లో మా వైపు పోటు (సముద్రపు నీరు పైకి ఎక్కడం) నిండేది సుమారు ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. అక్కడి నుంచి రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యం కలుపుకుంటూ పోవాలి. తదియ నాటికి పదకొండు ప్రాంతం, అష్టమికి మధ్యాహ్నం మూడు దగ్గర. ఇది సముద్రం అంచున లెక్క. నది లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఇంకా ఆలస్యంగా అందుతుంది. పోటుకీ పాటుకీ (నీరు వెనక్కి తీయడానికీ) మధ్య నీటి ఎత్తులో తేడా పెద్ద రోజుల్లో కూడా మీటరున్నర లోపే ఉంటుంది. అదేమంత అనిపించవచ్చు. కానీ ఇసుక మేటల మధ్య సన్నటి మొగలోంచి ఆ నీరంతా రావాలి, పోవాలి. అందుకే లాగుడు అంత గట్టిగా ఉంటుంది.

మొదటి రెండేళ్లు నేను సరిగ్గా అమావాస్య, పున్నమి రోజులే చూసుకుని వెళ్లేవాణ్ని. నీరు ఎక్కువ కదిలితే చేపలు ఎక్కువని నా ఊహ. వంద గ్రాముల సీసం గుండు కట్టినా ఇసుకలో నిలిచేది కాదు, టంగూసు (గాలం దారం) కొట్టుకుపోయి ఒడ్డుకే వచ్చేది. అష్టమి రోజుల్లో మరీ విసుగు, నీరు కదలనే కదలదు. ఇప్పుడు నాకు నచ్చినవి తదియ నుంచి పంచమి వరకు. నీటిలో నడక ఉంటుంది, గుండు కూడా నిలబడుతుంది. పీతలకు పోటు ఎక్కే సమయం, చేపలకు పాటు మొదలైన తొలి రెండు గంటలు. పాటు నీటితో పాటు లోపలి పాయల్లోని చిన్న రొయ్య, చిన్న చేప బయటికి జారుతుంటే, వాటి కోసం గొరకలు, జెల్లలు, అదృష్టం బాగుంటే పండుగప్ప మొగ దగ్గర కాచుకుని ఉంటాయి.

పీతల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ తీరం నాకిచ్చిన పెద్ద సంతోషం అదే. మొగ బయట సముద్రపు పీతలుంటాయి, మూడు చుక్కలవి, నీలంవి. కానీ మండ పీత కావాలంటే లోపలి పాయల్లో బురద ఒడ్డులకు వెళ్లాలి. నా వలలు నేనే కట్టుకుంటాను. రెండడుగుల ఇనుప రింగు, దానికి బిగుతుగా వల, నడుమ ఎర కట్టడానికి అడ్డంగా తాడు, పైన మూడు తాళ్లు కలిపి ముడి, ఆ ముడికి పొడుగు తాడు, చివర గుర్తుకు బెండు. ఎరకు కోడి పేగులు వాడి చూశాను, కోడి కాళ్లు వాడి చూశాను. జెల్ల తలకాయను మించింది లేదు. ఎముక గట్టిగా ఉండడం వల్ల పీత త్వరగా పీక్కుపోలేదు, వాసన కూడా నీటిలో చాలాసేపు నిలుస్తుంది. వల వేసి పావుగంటకోసారి లేపాలి. లేపేటప్పుడు మొదటి మూరెడు తాడు మెల్లగా బిగించి, ఆ తర్వాత ఆగకుండా ఒక్క ఊపులో లాగేయాలి. మధ్యలో చెయ్యి ఆపితే పీత అంచు దాటి పోతుంది. ఈ ఒక్క విషయం నేర్చుకోవడానికి నాకు ఒక సీజను పట్టింది.

పట్టిన ప్రతి పీతనూ తిరగేసి చూడండి. పొట్ట కింద మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఆ మడత కింద గుడ్ల ముద్ద కనబడితే వెంటనే నీళ్లలోకి వదిలేయండి. అరచేతికంటే చిన్నదాన్నీ వదిలేయండి. పొట్ట దగ్గర పెంకు నొక్కితే మెత్తగా లోపలికి పోతే అది ఈ మధ్యే పెంకు మార్చుకున్నదని అర్థం. వండితే నీళ్లే గాని కండ ఉండదు. దాన్ని ఇంటికి తెచ్చి లాభం లేదు, వదిలితే నెల తర్వాత మంచి పీత అవుతుంది.

నెలల విషయానికొస్తే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ తీరం బంగారం. పొద్దున్నే ఒడ్డు మీంచి సముద్రం వైపు చల్లగా గాలి, కెరటం చిన్నది, నీరు తేట. మార్చి వచ్చాక ఉదయం తొమ్మిదిన్నర, పది దాటితే దక్షిణపు గాలి లేస్తుంది, గాలానికి ఎదురు కొడుతుంది. తెల్లవారుజామునే ముగించుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు కెరటాలు పెద్దవి, నేను సముద్రం వైపు పోను, లోపలి పాయలతో సరిపెట్టుకుంటాను. వర్షాకాలంలో వంశధార మీది గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని వార్త వచ్చిందంటే ఆ వారం ప్రయాణం మానుకోవడమే మంచిది. ఎర్రటి మంచినీరు మొగ దాకా నిండిపోతుంది, ఉప్పునీటి చేప బయటికి తప్పుకుంటుంది, గాలానికి చెత్త తప్ప ఏమీ తగలదు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు చూడకుండా ఇల్లు కదలకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక, వంశధార వరద తగ్గిన తర్వాత నేను మళ్లీ వెళితే, రెండేళ్లుగా నిలబడిన మేట అక్కడ లేదు. కొత్త చోట కొత్త మేట. నాకు తెలిసిన మొగ పూర్తిగా మారిపోయింది.

అప్పుడే నేర్చుకోవాల్సింది. నేర్చుకోలేదు. మరుసటి చలికాలంలో పాటు సమయంలో నడిచి ఒక మేట మీదకు వెళ్లాను. గొరకలు వరసగా పడుతున్నాయి, టైమ్ చూసుకోలేదు. పోటు తిరిగింది. వెనక్కి చూస్తే నేను మోకాలి లోతులో దాటివచ్చిన కాలువ నడుము దాటి ఉంది, ఇసుక కాళ్ల కింద నుంచి కోసుకుపోతోంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాత కేకలేసి, పైకి చుట్టు తిరిగి రమ్మని చెయ్యి చూపించాడు. ఒడ్డుకు చేరాక ఆయన అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "గేలం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు బాబూ. నీరు ఎటు తిరిగిందో సూసుకోకుండా దిగితే ఎలాగ?" ఆ రోజు నుంచి మేట మీద నిలబడే ముందు ఒక కర్ర నీటి అంచున గుచ్చుతాను. కర్ర మొదలు తడిసిందంటే సామాను సర్దేస్తాను, చేప పడుతున్నా సరే. ఒంటరిగా వెళ్లడం కూడా మానేశాను.

సామాను గురించి క్లుప్తంగా. నా మొదటి రాడ్ ఏడడుగులది, చెరువుకు పనికొచ్చే రకం. కెరటం దాటి విసరలేక ఆరు నెలల్లో పక్కన పెట్టేశాను. ఒడ్డు నుంచి వేసేవాళ్లకు పది నుంచి పన్నెండు అడుగులు ఉండాలి. ఖరీదైన రీల్ ఒకటి కొన్నాను, రెండో ఏడాదికే లోపల తుప్పు పట్టి తిరగడం మానేసింది. తప్పు కొంత నాదే, ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగేవాణ్ని కాదు. తర్వాత కొన్న మామూలు రీల్‌ను ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేస్తున్నాను. ఐదేళ్లయింది, బాగానే తిరుగుతోంది. టంగూసు 0.40 మిల్లీమీటర్లది చాలు.

జెల్లతో జాగ్రత్త. వీపు మీద ఒకటి, రెండు పక్కల రెండు ముళ్లు, వాటికి విషం ఉంటుంది. నాకు బొటనవేలికి గుచ్చుకున్న రోజు మోచేతి దాకా మంట. చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టి ఉంచితే అరగంటకు నొప్పి దిగింది. ముల్లు లోపల విరిగినా, వాపు ఎక్కువైనా ఆస్పత్రికి పోవాల్సిందే. టేకు చేప తోక ముల్లు ఇంకా ప్రమాదం. లోతు తక్కువ నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ నడవండి, అలికిడికి అది తప్పుకుంటుంది.

మిగతా చోట్లు కూడా చూశాను. మహేంద్రతనయ కలిసే బారువ అందమైన తీరం, కుటుంబంతో వెళ్లడానికి నాకు అదే ఇష్టం, కానీ పీతల కోసం అంత దూరం పోను. నాగావళి కలిసే కళ్లేపల్లి బాగుంటుంది, బొంత చేపలు దొరుకుతాయి. విజయనగరం జిల్లాలో చంపావతి కలిసే కోనాడకు మూడుసార్లే వెళ్లాను, తీర్పు చెప్పేంత అనుభవం లేదు. భావనపాడు వైపు పాయల్లో ఒకప్పుడు మంచి మండ పీతలు పట్టాను. 2023లో మూలపేట పోర్టు పనులు మొదలయ్యాక ఆ వైపు వెళ్లలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర, మోటారు పడవలకు వేట నిషేధం. ఒడ్డున గాలం వేసే నాకు అది వర్తించదు. అయినా ఆ రెండు నెలలు గుడ్ల కాలమని, పడవలు ఒడ్డున కట్టేసుకుని కూర్చున్న మత్స్యకారుల ముందు సరదాకి చేపలు పట్టుకుని సంచిలో వేసుకుపోవడం నాకు మనసొప్పలేదు. నాలుగేళ్లుగా ఆ రోజుల్లో వెళ్లడం మానేశాను. శీతాకాలం చివర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే రోజుల్లో రాత్రిపూట టార్చి పట్టుకుని తిరగను. తెగిన టంగూసు ముక్క ఒక్కటి కూడా ఇసుకలో వదలను, దానికోసం జేబులో విడిగా సంచి ఉంటుంది. మొన్న ఆదివారం అందులో నా ముక్కలు రెండే, మిగతా గుప్పెడు ఎవరివో ఏరినవి.