పేరు మారినా పనికొచ్చే పిట్టల పాటల ఖజానా: జెనో-కాంటో

గోధుమరంగు వీపు, కంటి మీద తెల్లటి చార, చెప్పుకోదగ్గ మచ్చలేవీ లేని పొట్ట. మధ్య అమెరికా పొదల్లో తిరిగే ప్లెయిన్ రెన్ అనే చిన్న పిట్ట ఫొటో ఎంతసేపు చూసినా తెలిసేది ఇంతే. అలాంటి పిట్టను అర్థం చేసుకోవడానికి జెనో-కాంటో వెబ్‌సైటును మించిన చోటు నాకు కనబడలేదు. 2005లో నెదర్లాండ్స్‌లో మొదలైన ఈ పక్షి శబ్దాల భాండాగారంలో పాటలు వినడానికి డబ్బు కట్టనక్కర్లేదు.

ఈ రెన్ పేరు కుదురుగా ఉన్నది తక్కువ. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు కబానిస్ దీన్ని వర్ణించాడు. చాలాకాలం థ్రయోథోరస్ ప్రజాతిలో, అంటే ఆ పేరున్న దగ్గరి జాతుల గుంపులో ఉంది. 2006లో ఆ ప్రజాతిని విడగొట్టినప్పుడు కాంటోర్కైలస్‌లోకి వచ్చింది. 2015లో జన్యువులనూ శరీర కొలతలనూ పోల్చిన అధ్యయనం వెలువడింది, మరుసటి ఏడాదే ఒక్క జాతి మూడయింది. దక్షిణ మెక్సికో నుంచి కోస్టారికా దాకా ఉండేది కబానిస్ రెన్. కరీబియన్ తీరం వైపుది కేన్‌బ్రేక్ రెన్, ఇది మిగతావాటి కంటే బూడిదరంగు. నైరుతి కోస్టారికా, పనామాలది ఇస్త్మియన్ రెన్. నా దగ్గరున్న పాత పక్షుల పుస్తకంలో మాత్రం ఇప్పటికీ ఒకటే బొమ్మ, ఒకటే పేరు.

జెనో-కాంటో గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. ప్రతి రికార్డింగుకూ ఒక సంఖ్య, తేదీ, స్థలం, రికార్డు చేసినవారి పేరు ఉంటాయి. శాస్త్రజ్ఞులు పేరు మార్చినా, ఏ ఊళ్లో పాడిందో తెలుసు కాబట్టి ఆ పాటను సరైన జాతి కిందికి చేర్చవచ్చు. స్థలం రాయని రికార్డింగు ఎంత స్పష్టంగా ఉన్నా ఇలాంటి పిట్టల విషయంలో సగమే పనికొస్తుంది.

జంట పాటలను తప్పక వినండి. మగది ఒక ముక్క, ఆడది ఇంకో ముక్క, మధ్యలో సందు లేకుండా రెండు పాయలు అల్లినట్లు సాగుతాయి. తెలియనివారు ఒకే పిట్ట అనుకుంటారు. కింద కదిలే సోనోగ్రామ్‌లో, అంటే శబ్దాన్ని గీతలుగా చూపే బొమ్మలో, ఆ ముక్కలు ఒకదాని వెంట ఒకటి కంటికే కనిపిస్తాయి. కోస్టారికాలో దీన్ని చించిరిగ్వీ అని ఎందుకంటారో నాలుగు రికార్డింగులు వింటే ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాణ్యతకు A (అన్నిటికంటే మేలైనది) నుంచి E వరకు రేటింగులు ఇస్తారు. A రేటింగు ఉన్నవే విని ఆగిపోకండి. పొదల్లో నిజంగా వినిపించే తీరు, పురుగుల రొదతో సహా, కింది రేటింగుల్లోనే దొరుకుతుంది. ఫోను స్పీకరులో ఈ సన్నని ఈలలు తేలిపోతాయి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. వెతికేటప్పుడు కాంటోర్కైలస్ (Cantorchilus) అని ప్రజాతి పేరు కొడితే, ఆ ప్రజాతిలోని మిగతా పిట్టలతో పాటు ఈ మూడూ ఒకేచోట వస్తాయి.