రెండు సూదుల తేమ మీటరు: కట్టె ఎండిందో లేదో సరిగ్గా చెబుతుందా?

కట్టెలు ఎండాయో లేదో తేల్చుకోవడానికి రెండు సూదుల తేమ మీటరు కొనొచ్చా అంటే, కొనొచ్చు. ఏటా కట్టెలు పేర్చుకుని కాల్చే ఇంట్లో ఉండాల్సిన పనిముట్టే అది. అయితే దాని పక్కన గొడ్డలి కూడా ఉండాలి. కట్టెను చీల్చకుండా పైపైన గుచ్చి చూస్తే ఖరీదైన మీటరూ తప్పే చెబుతుంది, చవకదీ తప్పే చెబుతుంది.

లోపల జరిగే పని చిన్నదే. రెండు ఉక్కు సూదుల మధ్య కరెంటుకు కట్టె ఎంత అడ్డు తగులుతోందో కొలిచి, దాన్ని తేమ శాతంగా మార్చి చూపిస్తుంది. తడి ఎక్కువుంటే అడ్డు తక్కువ, ఎండేకొద్దీ అడ్డు పెరుగుతుంది. చాలా మీటర్లను డగ్లస్ ఫర్ అనే ఉత్తర అమెరికా చెట్టు చెక్కకు తగ్గట్టు సరిచేసి అమ్ముతారు. ఆ చెక్క నిరోధం, అంటే కరెంటుకు అది తగిలే అడ్డు, 25 శాతం తేమ దగ్గర సుమారు అర మెగాఓమ్ (మెగాఓమ్ అంటే పది లక్షల ఓమ్‌లు), 20 దగ్గర 2 మెగాఓమ్‌లు, 15 దగ్గర 18, 10 దగ్గరికొచ్చేసరికి 600 పైచిలుకు. తేడా ఇంత పెద్దది కాబట్టే చవక మీటరు కూడా 10-25 శాతం మధ్య నమ్మదగిన అంకె ఇస్తుంది. కట్టెలు కాల్చేవాళ్లకు కావాల్సిందీ ఆ మధ్య అంకెలే. 30 దాటితే కథ వేరు. అప్పటికి కట్టె కణాల గోడలు నీటితో నిండిపోయి, మిగతా నీరు కణాల ఖాళీల్లో నిలుస్తుంది. అక్కడి నుంచి నిరోధం పెద్దగా మారదు. అందుకే తెర మీద 38 కనిపించినా 52 కనిపించినా పచ్చికట్టె అని మాత్రమే తెలుసుకోవాలి. ఆ రెంటి మధ్య తేడాను పట్టించుకోనక్కర్లేదు.

ఇక గుచ్చే చోటు. కట్టె కొనల నుంచి నీరు వేగంగా పోతుంది, పక్కల నుంచి చాలా నెమ్మదిగా పోతుంది. కోసిన కొన 15 శాతం చూపిస్తున్నప్పుడు అదే కట్టె నడుమ 30 ఉండటం మామూలే. కాబట్టి కుప్ప పైవరుస వదిలేసి, లోపలి వరుసల్లోంచి లావుపాటి కట్టె ఒకటి తీయండి. నిలువునా రెండుగా చీల్చండి. అప్పుడే బయటపడ్డ ముఖం మీద, రెండు కొనలకూ దూరంగా సరిగ్గా నడిమిలో గుచ్చండి. రెండు సూదులూ కట్టె పొడవు వెంట, పోగుల వాలున ఒకే గీత మీద పడాలి. మీటరుతో వచ్చిన కాగితంలో అడ్డంగా గుచ్చమని ఉంటే అలాగే చేయండి. 15 శాతం లోపు ఈ తేడా పెద్దగా తెలియదు, 20 పైన అంకె కాస్త మారుతుంది. అదే ముఖం మీద మూడు చోట్ల గుచ్చి, వాటిలో పెద్ద అంకెను పట్టుకోండి. సగటు తీయొద్దు. పొయ్యిలో పొగ పెట్టేది తడిగా మిగిలిన భాగమే. చీల్చి గంటలు గడిచాక కొలిస్తే ఆ ముఖం కూడా ఆరిపోయి మంచి అంకె చూపిస్తుంది. అది లెక్కలోకి రాదు.

ఈ పనిముట్టులో పెద్ద లోపం సూదులే. సూది సగమే దిగితే తాకే చోటు తగ్గి, నిరోధం ఎక్కువగా కనిపించి, తేమ తక్కువని వస్తుంది. తప్పు ఎప్పుడూ మనకు నచ్చే వైపే జరుగుతుంది కాబట్టి ఇది ప్రమాదకరం. గట్టి కట్టెలో చేత్తో నొక్కితే సూది దిగదు, పక్కకు ఊపితే వంగుతుంది లేదా విరుగుతుంది. మీటరును సుత్తితో కొడితే లోపలి సర్క్యూట్ పోతుంది. దీనికి మంచి ఉపాయం ఉంది: సూదుల మధ్య ఎంత దూరముందో అంతే దూరంలో రెండు సన్నటి మేకులు కట్టెలోకి సెంటీమీటరు లోతు దించి, మీటరు సూదులను మేకుల తలలకు ఆనించండి. మేకులు తుప్పు లేకుండా, రెంటికీ లోతు ఒకేలా ఉంటే చాలు. మేకులు ఎలాగూ కొడుతున్నప్పుడు, కరెంటు పనివాళ్లు వాడే, 20 మెగాఓమ్‌ల దాకా కొలిచే మల్టీమీటర్‌తోనూ ఉజ్జాయింపుగా చూడొచ్చు. 2 మెగాఓమ్‌ల కంటే బాగా తక్కువ వస్తే కట్టె ఇంకా ఆరాలి.

మంచు, వాన తడి వల్ల అంకె ఎక్కువ వస్తుంది. సూదులకు తొడుగు ఉండదు కాబట్టి అవి తాకినంత మేర ఎక్కడ ఎక్కువ తడి ఉంటే అదే తెర మీదికొస్తుంది. కట్టె వేడి కూడా లెక్కే: 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే ఒకటి, ఒకటిన్నర పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, చల్లగా ఉంటే అంతే తగ్గిస్తుంది. గడ్డకట్టిన కట్టెను కొలవడమే దండగ. ఒక రోజు లోపల ఉంచి చూడాలి. చెట్టు రకాన్ని బట్టి తేడా వస్తుంది గానీ, కట్టెలు కాల్చడం వరకు ఆ రెండు మూడు పాయింట్లు పట్టించుకోనక్కర్లేదు. సూదులు లేని, చెక్క మీద ఆనించే మీటర్లు నున్నటి పలకలకు చేసినవి. గొడ్డలితో చీల్చిన ఎగుడుదిగుడు ముఖానికి అవి సరిగా ఆనవు, కాబట్టి ఈ పనికి కొనొద్దు.

అంకె అర్థమూ తెలియాలి. మీటరు చూపే శాతం, పూర్తిగా ఎండిన కట్టె బరువు మీద లెక్క. 20 శాతం అంటే 10 కిలోల కట్టెల్లో 1.67 కిలోల నీరు, 60 అంటే 3.75 కిలోలు. ఆ నీళ్లన్నీ ఆవిరయ్యాకే కట్టె వేడి మనకు దక్కుతుంది. ఈలోగా మంట చల్లబడి, కాలకుండా మిగిలిన పొగ, పొయ్యి గొట్టం గోడలకు తారులా పట్టి, చివరికి గొట్టమే అంటుకునే స్థితి వస్తుంది. కొందరు అమ్మేవాళ్లు మొత్తం బరువు మీద శాతం చెబుతారు. వాళ్ల 20 మీ మీటరు మీద 25 అవుతుంది. బేరమాడే ముందే ఏ లెక్కో అడగండి. మీటరు మీద 20 లోపు ఉంటే కాల్చొచ్చు. 20 నుంచి 25 మధ్యవి సన్నగా చీల్చి, గాలి ఆడేలా పేర్చి ఆగాలి.

మరి మీటరు లేకుండా కుదరదా? రెండు కట్టెలు తాటించి చూడటం, కొనల్లో నెర్రెలు చూడటం, బెరడు ఊడుతోందా అని లాగి చూడటం, చేత్తో బరువు అంచనా వేయడం అందరూ చేసేవే. ఠంగుమంటే ఎండిందని, దబ్బుమంటే పచ్చిదని అంటారు. ఒకే రకం, ఒకే సైజు కట్టెల్ని పోల్చేటప్పుడు శబ్దం బాగానే పనిచేస్తుంది. నెర్రెలు మాత్రం కొన ఆరిందనే చెబుతాయి, నడుమ సంగతి చెప్పవు. ఒక కొనకు సబ్బు నురగ రాసి రెండో కొన నుంచి ఊది, బుడగలు వస్తే ఎండినట్టనే పద్ధతిని నమ్మొద్దు. కొన్ని జాతుల్లో రంధ్రాలు సహజంగానే మూసుకుని ఉంటాయి, ఎంత ఎండినా బుడగ రాదు.

మీటరుకు నిజమైన పోటీ వంటింటి త్రాసు. నాలుగైదు కట్టెలకు అంకెలు రాసి, రెండు వారాలకోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగితే, ఆ గాలిలో అవి ఎండగలిగినంత ఎండినట్టే. గాలిలో తేమ 65 శాతం ఉంటే కట్టె సుమారు 12 దగ్గర, 80 ఉంటే 16 దగ్గర, 90 ఉంటే 20 దగ్గర ఆగిపోతుంది. ముసురు రోజుల్లో అంకె కదలకపోతే తప్పు మీటరుది కాదు. కచ్చితమైన లెక్క కావాలంటే కట్టె నడుమ నుంచి రెండు సెంటీమీటర్ల మందం బిళ్ల కోసి వెంటనే తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంత వరకు ఉంచండి. 310 గ్రాములది 250కి దిగితే, తేడా 60ని 250తో భాగించాలి: 24 శాతం. మీ మీటరు ఇదే బిళ్ల పక్కన ఎంత చూపించిందో పోల్చి చూస్తే దాని తప్పు ఎంతో తెలిసిపోతుంది.

కొనేటప్పుడు సూదులు మరతో విప్పి మార్చుకునేలా ఉన్నది, అంకెను తెర మీద నిలిపే బటన్ ఉన్నది తీసుకోండి. కొన్నింటి మూతలోనే పరీక్షించుకునే లోహపు బిందువులుంటాయి. లేకపోతే 2 మెగాఓమ్‌ల రెసిస్టర్ (నిరోధం ముందే తెలిసిన చిన్న ఎలక్ట్రానిక్ భాగం) ఒకటి సూదులకు ఆనించి, కొత్త బ్యాటరీతో ఎంత వచ్చిందో మూత లోపల రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా ఆ అంకె మారిందంటే ముందు బ్యాటరీ మార్చండి, ఆపైన సూదుల మొదళ్లలో పట్టిన జిగురు తుడవండి.