65 పౌండ్ల సత్తు చెంబు

లండన్‌లో ఆరు రోజులున్నాం. మ్యూజియాలు బాగున్నాయి, ఎర్ల్స్ కోర్ట్‌లో రోజుకు 118 పౌండ్ల గది ఇరుకైనా శుభ్రంగానే ఉంది. అసలు కథ శనివారం జరిగింది.

పాత సామాన్లు కావాలంటే పోర్టోబెల్లో రోడ్డుకు శనివారమే వెళ్లాలి, అదీ పొద్దున్నే. బస్సుకు మనిషికి 1.75 పౌండ్లు అయింది. ఒక బల్ల మీద పూర్వం పబ్బుల్లో బీరు కొలిచిన ప్యూటర్ (ఎక్కువగా తగరం ఉండే మిశ్రమలోహం) పాత్రలు వరుసగా ఉన్నాయి. గిల్, అర పింట్, పింట్, క్వార్ట్. నాలుగు గిల్లులు ఒక పింట్, రెండు పింట్లు ఒక క్వార్ట్. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ అంటూ అమ్మమ్మ బియ్యం కొలిచిన లెక్కే! అక్కడే పడిపోయాను. అమ్మేవాడు అది కనిపెట్టి, "1790 నాటిది" అంటూ ఒక పింట్ పాత్ర చేతిలో పెట్టాడు. 80 చెప్పి 65కి దిగాడు.

"సత్తు చెంబుకు అరవై అయిదు పౌండ్లా?" అంది మా ఆవిడ. వింటేగా!

నాలుగు బల్లల అవతల మరో వ్యాపారి, ముసలాయన, దాన్ని భూతద్దం కింద పెట్టి నవ్వాడు. అంచు కింద 'ఇంపీరియల్ పింట్' అని చెక్కి ఉంది. ఆ కొలత చట్టం వచ్చిందే 1824లో, అమలైంది 1826లో. పక్కనే కిరీటం, 'వి.ఆర్.' అక్షరాలు: విక్టోరియా రాణి కాలంలో తూనికల అధికారులు కొట్టిన ముద్ర. ఇలాంటిది తాను 25కే ఇచ్చేవాడినన్నాడు.

నా మొహం చూసి జాలిపడ్డాడేమో, తన దగ్గరున్న పొట్ట ఉబ్బిన పాత్ర ఒకటి తీసి లోపల గోరుతో తడమమన్నాడు. సన్నని అతుకు తగిలింది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పోత సులువే. అచ్చులో రెండు ముక్కలుగా పోసి, అతికి, లేత్ మీద తిప్పి నునుపు చేస్తారట. అడుగున ఆ లేత్ గీతలు చక్రాల్లా ఇంకా మెరుస్తున్నాయి. పాత ప్యూటర్‌లో సీసం ఉండవచ్చు, అందులో ఏదీ తాగవద్దని కూడా చెప్పాడు. ఇంత చెప్పినందుకు ఆయన పైసా అడగలేదు.

వెనక్కి వెళ్లేసరికి మొదటివాడు బల్ల ఎత్తేశాడు. మీరు వెళితే అంచు కింద చదివాకే పర్సు తీయండి, అమ్మినవాడి చేత తేదీతో రసీదు రాయించుకోండి.

బస్సులో మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు దాన్ని బాల్కనీలో పెట్టి బట్టల క్లిప్పులు వేస్తోంది.