హైదరాబాద్‌లో మ్యారో స్లైడ్ రివ్యూ సర్వీసు: డాక్టర్‌కి 5, కౌంటర్‌కి 2

ప్లేట్‌లెట్లు ఎక్కువొచ్చి, బోన్ మ్యారో (ఎముక లోపలి మూలుగ) పరీక్ష చేయించి, రిపోర్టులో రాసిన పేరు కరెక్టేనా కాదా అని తల పట్టుకున్నవాళ్ళ కోసం ఇది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ల్యాబ్ ఉంది, వేరే చోట తీసిన మ్యారో స్లైడ్లు, బ్లాకులు (మ్యారో ముక్కని మైనంలో పెట్టి దాచినవి) పట్టుకెళ్ళి ఇస్తే వాళ్ళ హెమటోపాథాలజిస్ట్, అంటే మైక్రోస్కోప్‌లో రక్తం, మ్యారో జబ్బులు చూసే డాక్టర్, మళ్ళీ మొదట్నుంచీ చూసి రిపోర్ట్ ఇస్తారు. పేరు పెట్టట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

మా అమ్మకి ప్లేట్‌లెట్లు 9 లక్షలు దాటాయి, ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. ఆ మాట చెవిన పడగానే పక్కింటి పిన్నిగారు బొప్పాయాకు రసం గ్లాసుతో దిగిపోయారు, పాపం డెంగ్యూ అనుకుని, పిన్నీ మాకు తగ్గలేదు పెరిగాయి అంటే అయితే మంచిదేగా అన్నారు! ఐరన్ తక్కువైనా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా కూడా ఇవి పెరుగుతాయి కాబట్టి ముందు ఫెర్రిటిన్, సీఆర్‌పీ చూశారు, బానే ఉన్నాయి. బీసీఆర్-ఏబీఎల్ అనే జీన్ టెస్ట్ నెగెటివ్, అంటే సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ కాదు. జాక్2 అనే ఇంకో జీన్ టెస్ట్ కూడా నెగెటివ్. తర్వాత మ్యారో చేసి ఈటీ, అంటే ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా, అని రాసిచ్చేశారు. మా హెమటాలజిస్ట్‌గారికి మాత్రం అది మింగుడు పడలేదు, ఎల్‌డీహెచ్ (రక్తంలో చూసే ఒక ఎంజైమ్) ఎక్కువుంది, స్ప్లీన్ (ప్లీహం) వాచి చేతికి తగులుతోంది, ఒకసారి రివ్యూకి పంపించమ్మా అన్నారు. అలా వెళ్ళాం.

అసలు గొడవేంటంటే ఈ జబ్బులన్నీ ఒకే కుటుంబం. ఎంపీఎన్ (మైలోప్రొలిఫరేటివ్ నియోప్లాజమ్స్) అంటారు. మ్యారోలో ఒక కణం అదుపు తప్పి ఎర్రకణాల్ని ఎక్కువ తయారుచేస్తే పాలీసైథీమియా వెరా, ప్లేట్‌లెట్లని చేస్తే ఈటీ, మ్యారో నారనారగా గట్టిపడిపోతే మైలోఫైబ్రోసిస్. ఇవన్నీ చుట్టాలే అని డామెషెక్ అనే డాక్టర్ 1951లోనే రాశాడు, జీన్‌లో మార్పు దొరికింది మాత్రం 2005లో, అదే జాక్2 మ్యుటేషన్. పాలీసైథీమియాలో దాదాపు అందరికీ ఉంటుంది గానీ ఈటీలో, మైలోఫైబ్రోసిస్‌లో సగం పైచిలుకు మందికే ఉంటుంది. కాబట్టి జాక్2 నెగెటివ్ అని చూసి హమ్మయ్య ఏం లేదు అనుకోకండి. మిగిలినవాళ్ళలో ఎక్కువమందికి సీఏఎల్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉంటుంది (ఇది 2013లో బయటపడింది), కొద్దిమందికి ఎంపీఎల్ జీన్‌లో, మూడూ లేనివాళ్ళు కూడా ఉంటారు. అమ్మకి సీఏఎల్ఆర్ పాజిటివ్ వచ్చింది, అది చేయించమన్నది కూడా ఈ ల్యాబ్ హెమటోపాథాలజిస్ట్ మేడమే, మొదట చేసినచోట అసలు ఆ ఊసే ఎత్తలేదు.

సరే సీఏఎల్ఆర్ ఉంది, అయినా పేరు తేలదు, ఎందుకంటే అది ఈటీలోనూ ఉంటుంది, మైలోఫైబ్రోసిస్‌లోనూ ఉంటుంది. అక్కడే మైక్రోస్కోప్ కావాలి. మేడమ్ ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోప్ దగ్గర నన్ను కూర్చోబెట్టి చూపించారు, ఏ ల్యాబ్‌లోనూ నాకు ఇలా జరగలేదు. ప్లేట్‌లెట్లు తయారుచేసే పెద్ద కణాలు మెగాకేరియోసైట్లు, ఈటీలో అవి పెద్దగా, మధ్యలో న్యూక్లియస్ దుప్పి కొమ్ముల్లాగా మడతలు మడతలుగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయట. అమ్మ స్లైడ్‌లో మాత్రం చిన్నవీ పెద్దవీ కలిసి గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి, న్యూక్లియస్ మబ్బు ముద్దలాగా ఉబ్బి నల్లగా ఉంది. "ఇది ఈటీ మొహం కాదండి" అన్నారు. మ్యారోలో నార ఎంతుందో చూపించే రెటిక్యులిన్ స్టెయిన్ (రంగు) వేస్తే గ్రేడ్ 1, అంటే కొంచెం మాత్రమే. మొత్తం కలిపి ప్రీఫైబ్రోటిక్ ప్రైమరీ మైలోఫైబ్రోసిస్, అంటే ఇంకా నార గట్టిపడని తొలి దశ, అని రాశారు. దీన్ని డబ్ల్యూహెచ్ఓ వాళ్ళు 2016లో విడిగా పెట్టారు, కణాల తీరుతో పాటు రక్తం తక్కువ, తెల్లకణాలు 11 వేలు అంతకంటే ఎక్కువ, స్ప్లీన్ తగలడం, ఎల్‌డీహెచ్ పెరగడం, వీటిలో కనీసం ఒకటి ఉండాలి. అమ్మకి రెండున్నాయి. 2022లో ఈ జబ్బుల వర్గీకరణకి డబ్ల్యూహెచ్ఓ ఒక లిస్టు, ఐసీసీ అని వేరే నిపుణులది ఇంకో లిస్టు వచ్చాయి, రిపోర్టులో రెండిటి ప్రకారం పేరు రాశారు, మా విషయంలో రెండూ ఒకటే.

మందు ప్రస్తుతానికి మారలేదు, అదే ఆస్పిరిన్, అదే హైడ్రాక్సీయూరియా. కానీ ఇది ఈటీ కంటే ముందు ముందు ముదిరే అవకాశం ఎక్కువ ఉన్న రకం కాబట్టి చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టారు, స్ప్లీన్ స్కాన్ మళ్ళీ రాశారు.

ఇక తిట్లు. కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి స్లైడ్ రివ్యూ అంటే ఏంటో తెలీదు, మళ్ళీ మ్యారో తీయించుకోవాలి మేడమ్ అని అమ్మని కంగారు పెట్టేశాడు, ఆవిడ బీపీ అక్కడే పెరిగింది. ప్యాకేజీలో జాక్2 కలిపే ఉంది, మాకు ఆల్రెడీ అయిందండీ రిపోర్ట్ ఇదిగో అన్నా తీసేయడం కుదరదు, సిస్టమ్ ఒప్పుకోదు అన్నారు, వేలల్లో డబ్బు అది. చెప్పిన తేదీకి రిపోర్ట్ రాలేదు, ఫోన్ ఎత్తరు, చివరికి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి పాస్‌వర్డ్ పంపడం మర్చిపోయారు.

వెళ్ళేవాళ్ళు స్లైడ్లు ఒక్కటే కాదు, పారఫిన్ బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి, బ్లాక్ లేకపోతే రెటిక్యులిన్ కొత్తగా వెయ్యలేరు. మొదటి ఆస్పత్రి ఇవ్వడానికి సణుగుతుంది, లెటర్ రాసిచ్చి తీసుకోండి. సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులు పాతవి కూడా పట్టుకెళ్ళండి, మేడమ్ మొదట అడిగింది అవే. తీసిన మ్యారో ముక్క కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ ఉందా లేదా పాత రిపోర్టులో చూసుకోండి, మరీ చిన్న ముక్కయితే ఎవరు చూసినా గట్టిగా చెప్పడం కష్టమట.

జాక్2 డబ్బులు వెనక్కి ఇమ్మని మెయిల్ పెట్టా, చూస్తాం అన్నారు, వస్తే ఇక్కడే ఎడిట్ చేసి కౌంటర్‌కి 3 ఇస్తా.