తెర మీద పని కనిపిస్తే కథను నమ్ముతాను

సినిమాల గురించి నేను ప్రత్యేకంగా చదువుకున్నదేమీ లేదు. వారమంతా ఉద్యోగానికీ ఇంటికీ సరిపోగా, శనివారం రాత్రి భోజనాలయ్యాక మా అమ్మతో కలిసి టీవీ ముందు కూర్చునే రెండు మూడు గంటలే నా అనుభవం. అయినా కొన్నేళ్లుగా చూసినవాటిలో ఏవి మనసులో నిలిచాయి, ఏవి తెల్లవారేసరికి చెరిగిపోయాయి అని ఆలోచించినప్పుడు, నిలిచిన వాటన్నింటిలో ఒక సంగతి నాకు ఉమ్మడిగా కనిపించింది. ఆ కథల్లోని మనుషులు ఏ పని చేసుకుని బతుకుతున్నారో తెర మీద కళ్లకు కడుతుంది. వాళ్ల పనిముట్లు, వాళ్ల అప్పులు, పొద్దుగూకేసరికి ఒంట్లో మిగిలే అలసట కనిపిస్తాయి. అవి నిజమనిపిస్తే ఆ మనుషుల ప్రేమనూ పంతాన్నీ కూడా నేను నమ్ముతాను. అవి లేకపోతే ఎంత పెద్ద నటులున్నా నా మనసు అందులో నిలవదు.

ఈ ఆలోచన మొదట కలిగించినది 2019లో వచ్చిన ‘మల్లేశం’. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చేనేత కుటుంబంలో పుట్టి, చదువు మధ్యలోనే ఆగిపోయినా, తల్లి పడే బాధ చూడలేక ఆసు యంత్రాన్ని తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి జీవితమే ఈ కథ. రాజ్ ఆర్ దర్శకత్వం వహించారు, ప్రియదర్శి మల్లేశంగా, ఝాన్సీ ఆయన తల్లిగా నటించారు. పోచంపల్లి చీరను మగ్గం మీదికి ఎక్కించడానికి చాలా ముందే, రంగులద్దకానికీ ముందే, దారాన్ని అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ ఒక్కొక్క పోగుగా తిప్పుకోవాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు సరిపడా దారం సిద్ధమయ్యేసరికి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. నేతగాళ్ల ఇళ్లలో ఆ పని ఆడవాళ్ల మీదే పడేది. ఝాన్సీ ఆసు ముందు కూర్చున్న దృశ్యాల్లో ఆమె ముఖం కంటే భుజాన్నే ఎక్కువగా చూడాలనిపిస్తుంది. చెయ్యి ముందుకు చాచినప్పుడు పెదవులు బిగుసుకోవడం, వెనక్కి వచ్చినప్పుడు చిన్నగా ఊపిరి వదలడం, మళ్లీ చాచడం వల్ల ఆ నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పాకుతుందో మాటల అవసరం లేకుండా తెలుస్తుంది.

మా అమ్మది భువనగిరి వైపు. ఆ దృశ్యం వస్తున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి తెలియకుండానే మోకాలి మీద అటూ ఇటూ కదిలింది. "అక్క చెయ్యి గిట్లనే తిరిగేది బిడ్డా. ఆఖరికి జడేసుకుందామంటే చెయ్యి పైకి లేవకపోయేది," అన్నది. పెద్దమ్మ ఎప్పుడూ కొప్పు కాకుండా మెడ దగ్గర వదులుగా ముడి ఎందుకు వేసుకునేదో నాకు ఆ రోజే అర్థమైంది. ఒక సినిమా మా ఇంటి జ్ఞాపకాన్ని ఇంత దగ్గరగా తాకిన తర్వాత దాన్ని దూరం నుంచి తూచడం కష్టమే అయినా, ఒక లోపం మాత్రం చెప్పాలి. యంత్రం తయారీలో ఎదురైన వైఫల్యాలను వరుసగా చూపించారు గానీ, ఏ భాగం ఎందుకు మొరాయించిందో, దాన్ని ఎలా సరిచేశారో నాలాంటి వాళ్లకు అర్థమయ్యేలా ఇంకొంచెం నిదానంగా చూపించవలసింది. ఆసు పోయడాన్ని అంత ఓపికగా చూపిన సినిమా, దాని బరువు దించిన యంత్రం దగ్గరికి వచ్చేసరికి తొందరపడినట్లు అనిపించింది.

అంతకు ముందు సంవత్సరం, 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ను మేము ఆలస్యంగా చూశాము. విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులనే చాలా పాత్రలకు తీసుకుని దర్శకుడు వెంకటేశ్ మహా నాలుగు వయసుల్లోని నాలుగు ప్రేమకథలు అల్లారు. రాజు ఆఫీసులో అటెండరు, పెళ్లి వయసు దాటిపోయిందని ఊరంతా మాట్లాడుకునే మనిషి. ఒడిశా నుంచి వచ్చిన రాధ ఆయనకు పై అధికారి. గడ్డం అని అందరూ పిలిచే యువకుడు మద్యం దుకాణంలో పనిచేస్తూ, రోజూ సీసా కొనడానికి వచ్చే ఒక స్త్రీ ముసుగులోంచి కనిపించే కళ్లను మాత్రమే చూసి మనసు పారేసుకుంటాడు. ఆ దుకాణంలో ఆయన నిలబడే చోటు, వాళ్లిద్దరి మధ్య సరుకు చేతులు మారేంత సందు తప్ప మరేమీ లేకపోవడం ఆ ప్రేమకు ఒక ఆకారాన్ని ఇచ్చాయి. పని ఉన్నచోటే మనుషులు కలుసుకుంటారన్నది ఈ సినిమా బాగా పట్టుకున్నది. కొన్నిచోట్ల మాటలు స్పష్టంగా వినిపించవు, కొందరు తమ వంతు మాట కోసం ఎదురుచూస్తున్నట్లు నిలబడతారు. నాకు అవి అడ్డు కాలేదు. ముగింపు గురించి ఎవరు చెప్పబోయినా వినకుండా చూడమని మాత్రం గట్టిగా చెబుతాను.

‘బలగం’ దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి. 2023 మార్చిలో విడుదలైన ఈ సినిమాను, అంతవరకు హాస్యనటుడిగా తెలిసిన వేణు యెల్దండి తీశారు. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టడం లేదన్న ప్రశ్న చుట్టూ ఇల్లంతా, తరువాత ఊరంతా తిరుగుతుంది. ఇందులో పని అంటే మగ్గమో దుకాణమో కాదు, చావు జరిగిన ఇంట్లో వరుసగా నెరవేరవలసిన పనులు. ఎవరికి కబురు పంపాలి, మాంసం ఎంత తేవాలి, ఎవరిని ముందు కూర్చోబెట్టాలి అన్న లెక్కల్లోనే ప్రేమలూ పట్టింపులూ దాగి ఉంటాయి. ఏళ్ల కిందట విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన మాటపట్టింపు బావనూ బామ్మర్దినీ విడదీసిందంటే బయటివాళ్లకు వింతగా తోచవచ్చు గానీ, మా బంధువుల్లో ఇలాంటివి రెండు నాకు తెలుసు. ఆ ఎముక కోసం ఎవరూ కొట్లాడరు. నన్ను ఇంటి అల్లుడిగా లెక్కపెట్టారా లేదా అన్నదే దాని వెనక ఉన్న బాధ, దాన్ని దర్శకుడు విడమరచి చెప్పకుండానే మనకు తెలిసేలా చేశారు.

చివరలో బుడగ జంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడే కథాగానం వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ దంపతులకు అది బతుకుతెరువు. చనిపోయినవారి కుటుంబం ముందు నిలబడి, ఆ మనిషి ఎలా బతికాడో పాడి, కూర్చున్నవాళ్లచేత ఏడిపించి, మనసులు తేలికచేయడం వాళ్ల కులవృత్తిలో భాగం. నటులను పెట్టి ఆ పాట పాడించి ఉంటే సినిమా అక్కడే కూలిపోయేదని నా నమ్మకం. ఊళ్లలో బహిరంగంగా తెరలు కట్టి జనమంతా కలిసి చూశారంటే అందులో ఆ గొంతుల వాటా తక్కువేమీ కాదు. ఈ సినిమాలోని ‘ఊరూ పల్లెటూరూ’ పాటకు కాసర్ల శ్యామ్ గారికి జాతీయ అవార్డు వచ్చిన వార్త చదివి సంతోషపడ్డాను. ఇంత మెచ్చుకున్నా ఒక అసంతృప్తి మిగిలింది. అన్ని రోజులు అంతమందికి వండి వడ్డించిన ఆడవాళ్లు ఆ గొడవల గురించి తమలో తాము ఏమనుకున్నారో వంటల దగ్గర కూర్చుని వినే అవకాశం మనకు దక్కలేదు.

అందులో అల్లుడు నారాయణగా, ఆయన భార్యగా నటించిన మురళీధర్ గౌడ్, రూపాలక్ష్మి 2025లో వచ్చిన ‘సివరపల్లి’ సిరీస్‌లో మళ్లీ భార్యాభర్తలుగా కనిపించారు. హిందీలో పేరు తెచ్చుకున్న ‘పంచాయత్’కు ఇది తెలుగు రూపం. పదవి భార్యది, పెత్తనం భర్తది అన్న పరిస్థితి మన పల్లెల్లోనూ ఉన్నదే కాబట్టి వాళ్లిద్దరూ ఉన్న దృశ్యాలు సహజంగా నడిచాయి. పంచాయతీ కార్యదర్శిగా రాగ్ మయూర్ ముఖంలోని విసుగు కూడా బాగుంది. అయితే మాతృకలోని సంఘటనలను దాదాపు అదే వరుసలో తీసుకోవడం వల్ల, తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి పొద్దున లేచింది మొదలు చేసే పనులు, నర్సరీ, పారిశుద్ధ్యం, ఇంటి పన్ను వసూలు వంటివి, కథను నడిపించే చోటికి రాలేకపోయాయి. యాస మన ఊరిది, ఆఫీసు మాత్రం వేరే రాష్ట్రం నుంచి దిగినట్లున్నది.

‘90’స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చింది. లెక్కల మాస్టారుగా శివాజీ, ఆయన భార్యగా వాసుకి నటించిన ఈ సిరీస్ ఆరు భాగాల్లో ముగుస్తుంది, ఒక్క రాత్రిలో చూసేయవచ్చు. పొద్దున్నే మళ్లీ ఉప్మా కనిపించినప్పుడు పిల్లల ముఖాలు వాడిపోవడం చూసి మా ఇల్లే గుర్తొచ్చింది. నెల జీతంతో ముగ్గురు పిల్లలను చదివించే ఇంట్లో ప్రతి రూపాయి ఎలా మాట్లాడుతుందో దర్శకుడు ఆదిత్య హాసన్‌కు బాగా తెలుసు. ఆఖరుకు వచ్చేసరికి మాత్రం, అంతవరకు చూపులతో తెలిసిన విషయాలను పాత్రలు నోటితో చెప్పడం మొదలుపెట్టాయి.

రోజూ రాత్రి వచ్చే ఒక సీరియల్‌ను అమ్మ కోసం ఏడాదిపాటు చూశాను. దాని పేరు చెప్పను, ఎందుకంటే ఈ లోపం దాని ఒక్కదానిది కాదు. ఆ ఇంట్లో వంటగదిలో కూడా అందరూ పట్టుచీరల్లోనే ఉంటారు, పొయ్యి మీద ఏదీ పొంగదు, పెద్ద వ్యాపారం ఉన్నదని చెప్పే మగవాళ్లు ఒక్క రోజైనా పనికి వెళ్లరు. ఎవరూ ఏ పనీ చేయనందువల్ల వాళ్లకు కుట్రలు తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ మిగలలేదు. పండుగ నెలలో అమ్మే దాన్ని చూడటం మానేసింది.

వంటగది ఎలా ఉండాలో ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ చూపించింది. 2020 నవంబరులో నేరుగా ప్రైమ్‌లో విడుదలైన ఈ సినిమాలో, పల్లెలో తండ్రి నడిపే చిన్న హోటలులో బొంబాయి చట్నీ చేసే రాఘవ గుంటూరులో సొంతంగా టిఫిన్ సెంటర్ పెట్టాలనుకుంటాడు. ఆనంద్ దేవరకొండ బాగానే చేశారు గానీ, నాకు గుర్తుండిపోయింది తండ్రిగా గోపరాజు రమణ గారు. కొడుకును తిట్టే ప్రతి తిట్టులోనూ, చేతిలో ఉన్న కొద్దిపాటిది కూడా పోతుందేమోనన్న భయం వినిపిస్తుంది. స్నేహితుడి జాతకాల పిచ్చి చుట్టూ నడిచే భాగం కొంత సాగింది.

హోటలు కథ అంటే మాకు ‘అమృతం’ తరువాతే ఏదైనా. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ఈ ధారావాహికను గుణ్ణం గంగరాజు గారు నిర్మించారు. అమృత విలాస్ నడవడానికి అమృతరావు, ఆంజనేయులు వేసే ఎత్తులన్నీ బెడిసికొట్టడమే ప్రతి వారం కథ. గుండు హనుమంతరావు గారు ఆంజనేయులుగా అమాయకంగా తలూపే తీరు, ఇంటి యజమాని అప్పాజీ అద్దె కోసం వచ్చినప్పుడు అందరిలో పుట్టే కంగారు ఇన్నేళ్ల తరువాత చూసినా కొత్తగానే ఉన్నాయి. గల్లాపెట్టె, అరువు ఖాతాలు, వంటవాడు సర్వం చేసే ప్రయోగాలు లేకుండా అందులో ఒక్క నవ్వు కూడా పుట్టదు. అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు పోషించారు. మనిషి మారినప్పుడు కథ తడబడాలి, కానీ హోటలు అదే కావడం వల్ల రెండు వారాల్లో అలవాటైపోయేవారు. మా అమ్మకు నరేశ్ గారి భాగాలు ఇష్టం. పదేళ్ల మా అబ్బాయి మాత్రం హర్షవర్ధన్ ఉన్నవే పెట్టమంటాడు, అందుకని శనివారాలు ఇద్దరికీ చెరొక భాగం చొప్పున పెడుతున్నాను.