4070 సూపర్‌కు జత కుదరడానికి ఆరు నెలలు పట్టింది

2024 ఫిబ్రవరిలో ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. అప్పటికి నా కంప్యూటర్‌లో ఉన్న ప్రాసెసర్ రైజెన్ 5 3600. ఆ ఆగస్టులో దాన్ని తీసేసి రైజెన్ 7 5700ఎక్స్3డీ పెట్టాను. మొదటి జతతో ఆరు నెలలు, రెండో జతతో ఏడాదిన్నర గడిపాక రాస్తున్న సమీక్ష ఇది. కార్డు మాత్రం రెండు కాలాల్లోనూ ఒకటే.

మేము ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. కంప్యూటర్ సామాను కావాలంటే ఇప్పటికీ ఎస్పీ రోడ్డుకే వెళతాను. బస్సులో కేఆర్ పురం, అక్కడి నుంచి మెట్రోలో మెజెస్టిక్, రైలు మారి చిక్‌పేట. అట్ట పెట్టెల మధ్య అడ్డంగా నడవాల్సిన సందులు అవి. మనం తెలుగులో అడిగితే తెలుగులోనే బేరం మొదలవుతుంది. అరవై వేల పైచిలుకు పెట్టి కార్డు తెచ్చుకున్న రోజు ఆ పెట్టెను మెట్రోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పసిపిల్లను కూడా అంత జాగ్రత్తగా పట్టుకోలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ రాత్రే సైబర్‌పంక్ 2077 ఆట తెరిచాను. నాది 27 అంగుళాల 1440పీ తెర, 165 హెర్ట్జ్, అంటే సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చగలదు. వెలుగు కిరణాలను లెక్కగట్టే రే ట్రేసింగ్ మధ్య స్థాయిలో, తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ క్వాలిటీలో పెట్టాను. ఊరి బయట ఎడారిలో కారు నడుపుతుంటే కళ్ళకు పండుగే. నగరం నడిబొడ్డున జనం కిక్కిరిసిన వీధిలోకి వచ్చేసరికి కథ మారింది. మలుపు తిరిగిన ప్రతిసారీ గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు తెర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగేది. మూలన కనిపించే అంకెలు చూస్తే సెకనుకు 55 నుంచి 60 ఫ్రేములు (తెర మీద గీసే బొమ్మలు), కార్డు వినియోగం 60 శాతం. నేను డబ్బు పోసిన వస్తువు చేతి నిండా పని లేక కూర్చుని ఉంది.

కొన్న దుకాణానికి ఫోన్ చేశాను. ‘పవర్ సప్లై చాలడం లేదు సార్, 850 వాట్లది వేయించండి’ అన్నారు. కార్డు తీసుకునేది గరిష్ఠంగా 220 వాట్లు. 650 వాట్ల సప్లై సరిపోతుందని ఎన్విడియానే చెబుతోంది. నా దగ్గర ఉన్నదీ అదే. ఇదంతా చదివి కూడా వెళ్ళి తొమ్మిది వేలు పెట్టి కొత్తది వేయించుకున్నాను. భయం అలాంటిది. అంకెల్లో ఒక్కటీ మారలేదు. ఆ సప్లై ఈ రోజుకీ దివ్యంగా పనిచేస్తోంది, అవసరం లేకపోయినా.

చిక్కు విప్పింది ఆఫీసులో నా పక్కన కూర్చునే గుంటూరు ఆయన. ‘రిజల్యూషన్ తగ్గించి చూశారా అండీ?’ అని ఒక్క ప్రశ్న వేశారు. ఇంటికి వెళ్ళి అదే వీధిలో, అదే చోట నిలబడి 1440పీ నుంచి 1080పీకి దించాను. 1440పీ తెరలో దాదాపు 37 లక్షల చుక్కలుంటాయి, 1080పీలో సుమారు 21 లక్షలు. కార్డు మీద బరువు అంత తగ్గితే ఫ్రేములు ఎగరాలి. 58 ఉన్నది 58గానే ఉంది. కార్డు వినియోగం మాత్రం ఇంకా పడిపోయింది.

ఎందుకలా అంటే, ప్రతి ఫ్రేముకూ ముందు ప్రాసెసర్ పని చేయాలి. వీధిలో ఎవరు ఎక్కడున్నారు, ఏ కారు ఎటు తిరిగింది, తెర మీద ఏమేమి గీయాలి అన్నది తేల్చి, డ్రైవర్ ద్వారా కార్డుకు ఆజ్ఞలు పంపాలి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఈ పని 16.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి, 144 కావాలంటే 6.9లో. దానికే 17 మిల్లీసెకన్లు పడుతుంటే వెనక ఎంత గొప్ప కార్డున్నా ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు. తెర చిన్నదైనా పెద్దదైనా ప్రాసెసర్ పని దాదాపు ఒకటే. వీధిలో జనం పెరిగితే దాని బరువు పెరుగుతుంది. రే ట్రేసింగ్ కార్డు వ్యవహారమే అనుకునేవాణ్ణి. కదిలే ప్రతి వస్తువుకూ, కిరణాలు దేనికి తగులుతాయో చూసే లెక్కల చట్రాన్ని ఎప్పటికప్పుడు సవరించాలి కాబట్టి అందులో ప్రాసెసర్‌కూ వాటా ఉంది.

నన్ను చాలాకాలం మోసం చేసింది టాస్క్ మేనేజర్. ప్రాసెసర్ వినియోగం 55 శాతమే చూపించేది. ‘సగం ఖాళీగా ఉన్నదాన్ని ఎలా తప్పుపడతాం’ అనుకున్నాను. 3600లో 6 కోర్లు (పని చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు). ఒక్కో థ్రెడ్‌నూ విడిగా చూస్తే ఒకటి మాత్రం ఊపిరాడకుండా ఉంది, మిగతావి తీరిగ్గా ఉన్నాయి. మేస్త్రీ ఒక్కడే పరిగెడుతుంటే, ఆయన చెప్పేదాకా కూలీలు తాపీ పట్టుకుని నిలబడ్డట్టు. మొత్తం శాతం చూసి నిర్ణయాలు తీసుకోకండి. ప్రాసెసర్ పేరు, కార్డు పేరు ఇస్తే ‘పొంతన ఇన్ని శాతం’ అని చెప్పే లెక్కలనూ నమ్మకండి. ఏ ఆట, ఏ తెర, ఎన్ని ఫ్రేములు కావాలి అని అడగకుండా ఆ శాతం ఎక్కడి నుంచి వస్తుంది?

డీఎల్ఎస్ఎస్ ఇంకా తగ్గించి చూశాను, ఫలితం సున్నా. అది కార్డు బరువు దించుతుంది, ప్రాసెసర్‌ది కాదు. ఫ్రేమ్ జనరేషన్ వేస్తే అంకె వందకు చేరింది కానీ, మౌస్ కదిపితే స్పందన మాత్రం 58 నాటిదే. మధ్యలో కల్పించిన ఫ్రేములకు చేతి కదలికతో సంబంధం ఉండదు కదా.

ఇదంతా చూస్తుండగా ఇంకో సిగ్గుచేటు బయటపడింది. 3200 వేగం అని కొన్న ర్యామ్ నాలుగేళ్ళుగా 2133లో నడుస్తోంది. బయోస్‌లో, అంటే బోర్డు మూల అమరికల్లో, ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఎప్పుడూ ఆన్ చేయలేదు. ఆన్ చేయగానే పైసా ఖర్చు లేకుండా ఆరేడు ఫ్రేములు వచ్చాయి. మీరూ ఈ రోజే చూసుకోండి.

ఇక ప్రాసెసర్. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కు మారాలంటే బోర్డు, డీడీఆర్5 ర్యామ్, ప్రాసెసర్ మూడూ కొత్తవే కావాలి. నా పాత బీ450 బోర్డు మీదే కూర్చునే 5700ఎక్స్3డీ ఇరవై రెండు వేలకు దొరికింది. కాగితం మీద చూస్తే ఎవరికీ నచ్చదు. 3600 గరిష్ఠ వేగం 4.2 గిగాహెర్ట్జ్, దీనిది 4.1. తేడా అంతా క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీలో ఉంది. 3600లో 32 ఎంబీ ఎల్3 క్యాష్ రెండు పదహార్లుగా చీలి, ఒక్కో మూడు కోర్ల గుంపుకూ ఒకటి చొప్పున ఉంటుంది. 5700ఎక్స్3డీలో 32 మీద మరో 64 ఎంబీని పొరగా పేర్చి, మొత్తం 96 ఎంబీని ఎనిమిది కోర్లకూ ఉమ్మడిగా ఇచ్చారు. ఆటలు ఒకే సమాచారాన్ని మళ్ళీ మళ్ళీ తడుముకుంటాయి. అది చేతికందే చోట ఉంటే ర్యామ్ దాకా పరుగెత్తే పని తగ్గుతుంది.

ముందు బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలి, లేకపోతే పాత బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. ఆ పది నిమిషాలూ కరెంటు పోకూడదని యూపీఎస్‌కు కలిపి, గుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను. అసలు గండం తర్వాత వచ్చింది. కూలర్ స్క్రూలు విప్పి పైకి లాగితే, ఎండిపోయిన థర్మల్ పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేసింది. నా బోర్డుది పాత సాకెట్ ఏఎం4, అందులో పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. తిప్పి చూస్తే మూల వరుసలో ఒకటి వంగింది. మా పాప పెన్సిల్ డబ్బాలోంచి లెడ్ పెన్సిల్ తీసి, లెడ్ తీసేసి, ఆ గొట్టాన్ని పిన్నుకు తొడిగి, ఊపిరి బిగబట్టి నిటారుగా చేశాను. మీరు మాత్రం ముందు పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి, పేస్టు వేడెక్కాక, మిషన్ ఆపి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా మెలితిప్పి తీయండి.

కొత్త ప్రాసెసర్‌తో సైబర్‌పంక్‌లో అదే వీధి, అవే అమరికలు: 82 నుంచి 90 ఫ్రేములు, కార్డు 95 శాతానికి పైన. బాల్డర్స్ గేట్ 3 మూడో అంకంలో నగరంలోకి అడుగుపెడితే 48 దగ్గర కుంటేది, ఇప్పుడు 76. కౌంటర్‌స్ట్రైక్ 2లో సగటు 210 నుంచి 300కు పెరగడం నాకు పెద్ద లెక్క కాదు. పొగ బాంబులు పేలినప్పుడు 85కు పడిపోయేది 150 దగ్గర ఆగుతోంది, చేతికి తెలిసేది అదే. ఆ ముద్ద అడ్డుపడటం పోయింది. నా డబ్బు దానికే చెల్లింది.

అయితే హాల్లో ఉన్న 4కే టీవీకి, 60 హెర్ట్జ్‌కు ఇదే మిషన్ కలిపి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆడితే పాత ప్రాసెసర్‌కూ కొత్తదానికీ రెండు ఫ్రేముల తేడా. 83 లక్షల చుక్కలు గీయాలంటే కార్డు 3600తోనే 98 శాతంలో చెమటోడ్చేది. నేను టీవీ మీద మాత్రమే ఆడేవాణ్ణయితే ఆ ఇరవై రెండు వేలు మిగిలేవి.

ఏడాదిన్నరలో ఫిర్యాదులు రెండే. పెట్టెలో కూలర్ రాదు, 3600తో వచ్చిన చిన్న కూలర్ దీనికి చాలదు. రెండు వేలు పెట్టి టవర్ కూలర్ వేయించాను. ఏప్రిల్ ఎండల్లో ఆడుతున్నప్పుడు 72 డిగ్రీలు దాటలేదు. రెండోది, పెళ్ళి వీడియోలు కుదించే పనిలో క్యాష్ వల్ల ఒరిగిందేమీ లేదు. అక్కడ గెలిచేది గడియారం వేగమే. ఆ పని ఎక్కువగా ఉన్నవాళ్ళు మామూలు 5700ఎక్స్ చూసుకోవచ్చు.

పిన్ను సరిచేసిన 3600ను, పాత 1660 సూపర్ కార్డును అనంతపురంలో మా బావమరిదికి ఇచ్చాను. అక్కడ 1080పీ తెర మీద కార్డు ఎప్పుడు చూసినా 98 శాతమే, ఆట ఎక్కడా తడబడదు. వాడు పోయిన వారం ఫోన్ చేసి, ‘బావా, 4070 సూపర్ ఇప్పుడు ఎంతకు వస్తుంది?’ అని అడిగాడు.